పీట వాడేవాళ్ళు

మా బావ దేన్నీ ఊరికే కొనడు. ఒకసారి ఇంట్లో ఫ్యాను కాలిపోయింది. ఏ ఫ్యాను ఎంత గాలిస్తుంది, ఎంత కరెంటు తాగుతుంది, కొని రెండేళ్ళు వాడినవాళ్ళు ఏమని తిడుతున్నారు అంటూ ఆయన పట్టిక వేసుకుని కూర్చున్నాడు. పట్టిక పూర్తయ్యేసరికి ఎండాకాలం వెళ్ళిపోయింది. "నన్నూ ఇలాగే పోల్చి చూసుకుని చేసుకున్నారా?" అని మా అక్క నిలదీస్తే, "పోల్చడానికి ఇంకొకరు ఒప్పుకుంటేగా!" అన్నాడు. కోపం రావాల్సింది పోయి అక్కకి నవ్వొచ్చింది. ఆయనతో వచ్చిన చిక్కే అది, గట్టిగా కోప్పడనివ్వడు.

నేనూ ఆయనా పనిచేసేది ఒకటే ఆఫీసులో. ఆయన సిఫారసుతో చేరానని అక్కడ కొందరు గుసగుసలు పోతుంటారు. పరీక్ష రాసి చేరాను. ఈ ముక్క ముందే చెప్పకపోతే నాకు ఒళ్ళు మండుతూనే ఉంటుంది. మాది ఇతరులకి వెబ్‌సైట్లు కట్టిపెట్టే ఆఫీసు. ఒక మేడ మీద పొడుగాటి గది, రెండు వరసల బల్లలు, చివర అద్దాల మీటింగు రూము, ఎప్పుడూ కారుతూ ఉండే ఏసీ, దాని కింద ఒక బక్కెట్టు. బావ సైట్లు రాస్తాడు. రాసినవాటిని పరీక్షించి, కూర్చి, జనంలోకి పంపే మిషన్లని నేను చూసుకుంటాను. ఆఫీసులో ఆయన నన్ను "మేడమ్" అంటాడు. ఇంటికి రాగానే "ఏమే మిరపకాయ్" అంటాడు.

ఫ్రేమ్‌వర్క్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. ప్రతి సైటుకీ కావలసిన తలుపులూ కిటికీలూ మొదటినుంచీ చెక్కుకుంటూ కూర్చోకుండా, ముందే చేసిపెట్టిన చట్రం అది. దాంట్లో మన పని బిగించుకుంటూ పోవడమే. రియాక్ట్, యాంగ్యులర్, వ్యూ అని పేరున్నవి ఉన్నాయి. మా ఆఫీసు వాటిలో ఏదీ వాడేది కాదు. మేము వాడేది పీట.

పీట మా బావ చేసింది. ఆఫీసు చిన్నదిగా ఉన్న రోజుల్లో, చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయలేక విసుగొచ్చి ఆయన సొంతంగా అల్లుకున్న చట్రం. పెద్ద పెద్ద పేర్లెందుకని పీట అన్నాడు. "పీట మీద కూర్చున్నవాడు పడిపోయినా బతుకుతాడు మేడమ్" అనేవాడు. నిజంగానే అది గట్టిది. మా సైట్లన్నీ దాని మీదే నడిచాయి. ఆయన దాన్ని నెట్లో అందరూ తీసుకునేచోట ఉచితంగా పెట్టాడు కూడా. ఎవరైనా తెచ్చుకోవచ్చు, వాడుకోవచ్చు. వారంలో ఎన్నిసార్లు తెచ్చుకున్నారో అక్కడ ఒక అంకె కనిపిస్తుంది, పక్కనే ఒక గీత పైకీ కిందకీ పోతుంటుంది.

ఆ అంకె వేలల్లో ఉండేది.

సోమవారం పొద్దున్న టీ పట్టుకుని, ముందు ఆ గీత చూసుకుని, తర్వాతే బావ మిగతా పనిలోకి దిగేవాడు. గొప్పలు చెప్పుకునే రకం కాదు. పైగా ఆ అంకెలో ఆయనే సగం కొట్టేసేవాడు. "అందులో మిషన్లు కూడా ఉంటాయి మేడమ్, సగం తీసేద్దాం. మిగతా సగం మనుషులే కదా" అనేవాడు. ఎవరూ ఆయనకి ఒక్క ఉత్తరం ముక్క రాసింది లేదు. ఎందుకు రాయరని నేనడిగితే, "బాగా పనిచేస్తుంటే ఎవరు రాస్తారు? నువ్వు కుళాయి కంపెనీకి ఎప్పుడైనా రాశావా?" అన్నాడు. నాకు అదీ నిజమే అనిపించింది. ఇంట్లో అక్క మాత్రం కూరలమ్మే ఆవిడకి కూడా చెప్పేసింది, మా ఆయన చేసినదాన్ని ఎక్కడెక్కడివాళ్ళో వాడుతున్నారని.

అంతా సవ్యంగా ఉన్న రోజుల్లో కొత్త మేనేజరమ్మ వచ్చింది. మనిషి చెడ్డది కాదు. చెడ్డదైతే తిట్టుకోవడానికి సుఖంగా ఉండేది. వచ్చీ రాగానే ఒక్కటే అడిగింది, "ఇక్కడ చేరినవాళ్ళు ఎందుకు నిలవడం లేదు?" అని. నిజమే, కుర్రకారు వస్తున్నారు, పోతున్నారు. చివరగా మానేసిన అమ్మాయి వెళ్ళేముందు బావ బల్ల దగ్గరకొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మీరు బాగా నేర్పారు సార్. కానీ రేపు ఇంకోచోట ఇంటర్వ్యూకి వెళ్ళి నాకు పీట వచ్చు అంటే నవ్వుతారు సార్." బావ నవ్వేసి, ఆ పిల్లకి ఆల్ ద బెస్ట్ చెప్పి పంపాడు. ఆ పూట మాత్రం అన్నం సరిగ్గా తినలేదు.

అప్పుడే ఆసుపత్రి పని వచ్చింది. ఊళ్ళోని శాఖలన్నిటికీ కలిపి రోగుల అపాయింట్‌మెంట్లు చూసుకునే పెద్ద సైటు. దాన్ని ఏ ఫ్రేమ్‌వర్క్‌లో కడతారో, ఇకమీదట ఆఫీసంతా అందులోనే. మేనేజరమ్మ అందరి ముందూ బావనే పిలిచింది. "పోల్చి చెప్పడంలో మిమ్మల్ని మించినవాళ్ళు లేరట. నాలుగింటినీ పోల్చండి. పీటతో సహా. మీరు ఏది అంటే అది."

వినడానికి గౌరవంగానే ఉంది. కానీ సొంత బిడ్డని సంతలో నిలబెట్టి మార్కులెయ్యమనడమేగా ఇది! పీట పోతే పోయేది కోడ్ ఒక్కటే కాదు. ఆ గదిలో ఎవరికి ఏ చిక్కొచ్చినా కుర్చీ వెనక్కి తిప్పి "సార్" అని పిలిచేది ఆయన్నే. పేరున్న ఫ్రేమ్‌వర్క్ వచ్చిందంటే నిన్న కాలేజీ వదిలినవాడికి ఆయనకంటే ఎక్కువ వస్తుంది. ఆయన వయసులో ఉన్నవాళ్ళని ఈ పనిలో ఎవరు అట్టే పెట్టుకుంటారో నేను చెప్పక్కర్లేదు. ఈ సంగతి ఆయనకి తెలుసు, నాకు తెలుసు, అక్కకి ఇంకా బాగా తెలుసు.

"దానికేముందమ్మా, న్యాయంగా పోలుద్దాం" అని ఆవిడకి చెప్పాడు బావ. ఆయన ధైర్యమంతా ఆ అంకె. కుర్రవాళ్ళకి తెలియకపోతేనేం, బయట వేలమంది వాడుతున్నారు, సగం తీసేసినా వందలూ వేలూ మిగులుతారు. దిక్కులేనిది కాదు పీట.

నేను చేసిన పని సరిగ్గా అప్పుడే జరిగింది. అందులో ఏ దురుద్దేశమూ లేదు. సైట్లు కూర్చే మిషను నత్తలా నడుస్తోందని మేనేజరమ్మ నన్ను కడిగిపారేసింది. వెళ్ళి చూస్తే, నాకంటే ముందు ఆ మిషన్ని చూసుకున్న మహానుభావుడు దాన్ని ఎలా పెట్టాడంటే, ఏ సైటు కూర్చాలన్నా కావలసిన సామానంతా ప్రతిసారీ నెట్ నుంచి కొత్తగా మోసుకొస్తోంది. పక్కగదిలో బియ్యం బస్తా పెట్టుకుని పూటపూటకీ కొట్టుకి పరిగెత్తినట్టు. పైగా ఏదైనా పాడైందేమో అని మా సైట్లన్నిటినీ గంటగంటకీ మళ్ళీ కూర్చి చూస్తోంది. నేను ఒకసారి తెచ్చిన సామాను మిషన్లోనే దాచిపెట్టుకునేలా మార్చాను. పని చకచకా సాగింది. మేనేజరమ్మ అందరి ముందూ శభాష్ అంది. నేను కూడా ముఖం విప్పార్చుకుని ఊరేగాను.

సోమవారం బావ టీ తాగలేదు.

నేను వెళ్ళేసరికి కప్పు మీద మీగడ కట్టి ఉంది. ఆయన తెర వైపు వంగి కూర్చున్నాడు. గీత నిట్టనిలువునా కిందకి పడిపోయి ఉంది. "చూశారా మేడమ్" అన్నాడు. "అందరూ వెళ్ళిపోయారు."

"ఎవరు బావా?" అన్నాను, ఆఫీసన్న సంగతి కూడా మర్చిపోయి.

"పీట వాడేవాళ్ళు. ఒక్క వారంలో. ఇలా పోయారంటే ఏదో విరిగింది. నేనే విరక్కొట్టి ఉంటాను."

క్రితం నెల ఆయన పీటలో ఏదో మార్చి కొత్త కూర్పు పెట్టాడు. తేదీ ఎంచుకునే చోట చిన్న మార్పు. దాని వల్లే ఎక్కడో సైట్లు కుప్పకూలి ఉంటాయని, అందుకే జనం పీటని వదిలేసి పారిపోయారని ఆయన లెక్క. ఇక చూడండి, ఆ మనిషి అవస్థ! పోలిక పని పక్కన పడేశాడు. పీట కోడంతా మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టాడు. పాత ఫోన్లలో తెరిచి చూశాడు, అటకమీది కంప్యూటరు దింపి అందులో చూశాడు. ఎక్కడా ఏమీ విరగలేదు. విరగనందుకు ఇంకా భయపడ్డాడు. "నాకు కనపడటం లేదంటే వాళ్ళనెంత ఏడిపిస్తోందో" అన్నాడు.

"మీటింగు దగ్గర పడుతోంది బావా" అన్నాను.

"మీటింగు ఎటు పోతుంది? ముందు వాళ్ళ సంగతి చూడాలి. వాళ్ళలో ఒక బడి ఉందేమో. ఒక మందుల కొట్టు ఉందేమో. పాపం ఎవడో ఒక్కడే కూర్చుని తల బాదుకుంటున్నాడేమో, నాలాంటి వెధవ చేసినదాన్ని నమ్మి."

మర్నాడు పీట పేజీ మీద ఒక క్షమాపణ కనబడింది. ఆయనే రాశాడు. కొత్త కూర్పు వల్ల మీకు కలిగిన ఇబ్బందికి నాదే బాధ్యత, పాత కూర్పుని మళ్ళీ అందుబాటులో పెట్టాను, ఏమి ఆగిపోయిందో దయచేసి ఒక్క మాట రాయండి, సరిచేసేదాకా నిద్రపోను అని. కింద తన సొంత ఫోను నంబరు కూడా ఇచ్చాడు. ఆ పూట నుంచి ఫోను బల్ల మీద ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు. మోగితే చాలు, ఉలిక్కిపడి ఎత్తేవాడు. కేబుల్ కనెక్షన్ అమ్మేవాళ్ళతో కూడా మొదటి నిమిషం "చెప్పండి, ఏం ఆగిపోయింది?" అని మాట్లాడాడు.

ఆ క్షమాపణలో ఆయన ఒక తేదీ వేశాడు, చదువుతుంటే నాకు దాని మీద చూపు ఆగింది. గీత పడిపోయిన రోజు. నేను మిషన్ని మార్చిన రోజూ అదే. గబగబా వెళ్ళి ఆ మిషను పాత జాడలన్నీ తిరగేశాను. ఏ వారం అది పీటని ఎన్నిసార్లు మోసుకొచ్చిందో వాటిలో ఉంటుంది. ఆ అంకెల్ని గీత పక్కన పెట్టి చూశాను. తేడా ఉంది. వేళ్ళ మీద లెక్కపెట్టేంత.

వేలమంది లేరు. వందమంది లేరు. బావ మనసులో ఉన్న బడీ లేదు, మందుల కొట్టూ లేదు. ఇన్నేళ్ళూ పీటని తెచ్చుకున్నది మా ఆఫీసు మూలన ఉన్న మిషను. గంటగంటకీ. రాత్రీ పగలూ. సెలవురోజుల్లో కూడా. దానికి ఒకసారి తెచ్చుకుంటే చాలని నేను చెప్పాను, చెప్పిన మాట విన్నది, అంతే.

నాకు నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంటిల్లిపాదికీ తెలుసు. అలాంటిదాన్ని, ఈ ఒక్క సంగతి మాత్రం మింగలేక కక్కలేక తిరిగాను. ఒకసారి క్యాంటీనులో ధైర్యం చేశాను. "బావా, ఆ గీత ఉంది చూడు..." అన్నానో లేదో, ఆయన గ్లాసు పక్కన పెట్టి, "నీకూ అనుమానం వచ్చింది కదా? ఆ తేదీల దగ్గరే ఏదో ఉంది" అని కళ్ళు పెద్దవి చేసుకుని ముందుకి వంగాడు. గడ్డం మాసి ఉంది. చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నాడు. "అవును, అక్కడే చూడు" అన్నాను. అన్నాక నన్ను నేను చెంపలు వాయించుకోవాలనిపించింది.

చివరికి అక్కకి చెప్పాను. బట్టలు మడతపెడుతోంది. చెప్పడం అయ్యాక కూడా చేతిలో ఉన్న చొక్కాని మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"అంటే ఎవరూ లేరా?"

"లేరక్కా."

"ఒక్కరు కూడానా?"

"ఉంటే ఒకరో ఇద్దరో. అది కూడా మనుషులో కాదో తెలీదు."

అక్క చొక్కాని ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత, "ఆ మిషన్ని మళ్ళీ ఎప్పట్లా పెట్టలేవా?" అంది.

"అంటే?"

"నువ్వేగా మార్చావు. పాత పద్ధతిలో పెట్టెయ్. అంకె పెరుగుతుంది. మీటింగయ్యేదాకా పెట్టు చాలు."

"అక్కా, అది మోసం."

"ఎవర్ని మోసం చేస్తున్నామే? మిషన్నా?" అక్క గొంతు పెరిగింది. "ఆయన అన్నం తిని ఎన్నాళ్ళయిందో చూశావా? వాళ్ళు వెళ్ళిపోయారని కుమిలిపోతున్నాడు. అసలు రానేలేదని తెలిస్తే ఏమైపోతాడు? నీకేం, చెప్పేసి చేతులు దులుపుకుంటావు. ఇంట్లో చూడాల్సింది నేను."

కోపం నాకూ నషాళానికి అంటింది. "నాకేం కాదా? ఆయన నాకేమీ కాడా?" అని అరిచాను. ఇద్దరం ఏడ్చాం. ఆ చొక్కా అక్క మళ్ళీ మడతపెట్టలేదు.

మర్నాడు మిషను ముందు కూర్చుని ఆ మార్పుని టైపు చేశాను కూడా. ఒక్క మీట నొక్కితే చాలు. గీత లేస్తుంది, బావ టీ తాగుతాడు, వచ్చేశారు మేడమ్ అంటాడు. తర్వాత? మీటింగులో ఆ గీతనే అందరికీ చూపిస్తాడు. మేనేజరమ్మ ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. వీళ్ళెవరు, ఒకరితో మాట్లాడిద్దామా అంటుంది. ఆయన తప్పకుండా అంటాడు, ఎందుకంటే ఉన్నారని నమ్ముతాడు. వాళ్ళ కోసం వెతుక్కుంటూ ఇంకో ఏడాది తిరుగుతాడు. టైపు చేసిందంతా తుడిచేశాను.

మీటింగు రోజు పొద్దున్నే మేడ మెట్ల దగ్గర కాపుకాశాను. బావ వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పోలిక పట్టిక కంప్యూటర్లో ఉంది, ఏదో రకంగా పూర్తిచేశాడు. నన్ను చూసి, "ఏమే మిరపకాయ్, ఇక్కడున్నావ్?" అన్నాడు. ఆఫీసు మెట్ల మీద ఎప్పుడూ అలా పిలవడు.

"బావా, కూర్చో."

"టైమైంది..."

"కూర్చో అంటున్నానా!"

మెట్టు మీద కూర్చున్నాడు. నేను నిలబడే చెప్పాను. సాగదీయలేదు, తీపి పూయలేదు. మిషను సంగతి, నేను మార్చిన రోజు, అంకెలు, అన్నీ. చెబుతుంటే పైనుంచి ఎవరో దిగారు, ఇద్దరం పక్కకి ఒదిగి దారిచ్చాం. వాళ్ళు గుడ్ మార్నింగ్ సార్ అన్నారు. బావ కూడా గుడ్ మార్నింగ్ అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక ఆయన చాలాసేపు మోకాళ్ళ వంక చూసుకున్నాడు. నేను ఎన్ని రకాలుగా ఊహించుకున్నానో. తిడతాడని, ఏడుస్తాడని, ఇంటికెళ్ళిపోతాడని. ఆయన తలెత్తి, "అయితే నా వల్ల ఎవరూ ఇబ్బంది పడలేదన్నమాట" అన్నాడు.

"ఎవరూ పడలేదు బావా."

"ఎవరి పనీ ఆగలేదు."

"ఆగలేదు."

ఊపిరి వదిలాడు. "హమ్మయ్య" అన్నాడు. నిజంగానే అన్నాడు, ఎకసెక్కం కాదు. అప్పుడొచ్చింది ఆయనకి కన్నీరు. జేబురుమాలు తీసి తుడుచుకుని, మడిచి లోపల పెట్టుకుని, "పద, టైమైంది" అన్నాడు.

అద్దాల గదిలో అందరూ ఉన్నారు. నాకు కూర్చోబుద్ధి కాలేదు, తలుపు దగ్గర నిలబడ్డాను. బావ పట్టిక తెర మీద వేశాడు.

"రియాక్ట్ ఎక్కువమందికి తెలుసు. కాకపోతే దేన్ని ఎలా కట్టాలో చాలావరకు మనమే తేల్చుకోవాలి. పదిమంది పదిరకాలుగా కడితే గందరగోళం. యాంగ్యులర్ అన్నీ తనే అమర్చి ఇస్తుంది, ముందు దాని పద్ధతులకి మనం అలవాటుపడాలి, అది కొంచెం ఎత్తు మెట్టు. వ్యూ తొందరగా చేతికొస్తుంది, నాకు మనసులో అదే నచ్చింది. కానీ మన దగ్గరికి ఇంటర్వ్యూలకి వచ్చేవాళ్ళలో అది తెలిసినవాళ్ళు తక్కువ."

"అంటే మంచిది వేరు, నలుగురూ వాడేది వేరు అంటారా?" అంది మేనేజరమ్మ.

"పూర్తిగా వేరు కాదమ్మా. ఉద్యోగ ప్రకటనల్లో కనబడుతుంది కాబట్టి పిల్లలు నేర్చుకుంటారు. నేర్చుకున్నవాళ్ళు దొరుకుతారు కాబట్టి మనలాంటివాళ్ళు ప్రకటనల్లో వేస్తారు. అలా పెరుగుతూ పోతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. రేపు నాకు జ్వరమొస్తే ఆసుపత్రి సైటు ఆగకూడదు. నేను లేకపోయినా చూసుకోగలిగినవాళ్ళు బజారులో దొరకాలి."

"మరి పీట?"

నేను తలుపు పిడి గట్టిగా పట్టుకున్నాను. పట్టికలో పీట ఎదురుగా, వాడేవాళ్ళు అన్న చోట, ఆయన అంకె వేసి ఉంచాడు. పాత అంకె, సగం కొట్టేసింది. దాన్ని అందరి ముందూ చెరిపేశాడు.

"వేగంగా ఉంటుంది. తేలిక. నాకు చాలా ఇష్టం" అన్నాడు. "దాన్ని వేలమంది వాడుతున్నారని అనుకునేవాణ్ణి. పొరబడ్డాను. వాడేది మనమే. మన మిషనే దాన్ని గంటకోసారి తెచ్చుకుంటూ ఉంది, నేను దాన్ని చూసి సంబరపడుతూ వచ్చాను. ఇవాళే తెలిసింది. కాబట్టి ఇక్కడ సున్నా." సున్నా వేశాడు. "నా సలహా రియాక్ట్."

ఎవరో కిసుక్కుమన్నారు. నేను అటు చూసిన చూపుకి ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

మేనేజరమ్మ నవ్వలేదు. ఆసుపత్రి పని రియాక్ట్‌లో అని రాసుకుంది. పీట మీద ఉన్న పాత సైట్లని ఒక్కొక్కటిగా మార్చాలి అంది. "మార్చడం నేనే చేస్తాను, ఎక్కడ ఏ మేకు కొట్టానో ఇంకొకరికి తెలీదు" అన్నాడు బావ. అయితే కొన్నాళ్ళు కొత్తగా చేరినవాళ్ళతో పాటు కూర్చుని నేర్చుకోవాల్సి వస్తుంది, పర్వాలేదా అని ఆవిడ అడిగింది. అందరి చూపులూ ఆయన మీదే. పర్వాలేదు అన్నాడు. అంతమంది ముందు ఆ మాట ఆయన చేత అనిపించినందుకు ఆవిడ మీద నాకు ఇప్పటికీ కోపమే, ఆవిడ తప్పేమీ లేదని తెలిసినా సరే.

తర్వాతి వారం ఆయన కుర్చీ కిటికీ పక్కనుంచి కొత్తవాళ్ళ వరసలోకి జరిగింది. "సార్" అని పిలవడం వాళ్ళెవరూ మానలేదు కానీ, చిక్కొస్తే కుర్చీలు ఆయన వైపు తిరగడం లేదు. ఒక పూట నేను అటుగా వెళ్తూ చూశాను. తెర నిండా ఎర్ర అక్షరాల్లో తప్పు చెప్పే వాక్యాలు. మొదటి పాఠంలోనే ఎక్కడో తప్పొచ్చింది. ఆయన పొద్దుటినుంచీ కాయితం, పెన్సిలూ పట్టుకుని ఒక్కో వరసా విప్పి చూసుకుంటున్నాడు. పక్కన కూర్చున్న పిల్లలు ఎప్పుడో దాటి వెళ్ళిపోయారు. పీటలో తప్పొస్తే ఆయన అలాగే చేసేవాడు. చేసిందీ ఆయనే, చూసుకోవాల్సిందీ ఆయనే, అడగడానికి లోకంలో ఇంకో మనిషి లేడు.

"ఆ ఎర్ర వాక్యాన్ని నెట్లో వెతకొచ్చుగా బావా" అన్నాను.

"వెతికితే ఏం దొరుకుతుంది? ఇది నా తప్పు కదా" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. మౌస్ లాక్కుని ఆ వాక్యాన్ని అలాగే ఎత్తి వెతికాను. పేజీ నిండిపోయింది. అదే తప్పు, అక్షరం పొల్లుపోకుండా. ఎక్కడెక్కడివాళ్ళో అడిగారు. ఒకడు పరీక్ష ముందు రోజు అడిగాడు. ఒకావిడ పిల్లాడు నిద్రలేచేలోపు ఇది తేలాలి, సాయం చేయండి అని రాసింది. దాని కింద నాకూ ఇదే, నాకూ ఇక్కడే ఆగిపోయింది, నేనూ పొద్దుటినుంచీ దీంతోనే అంటూ కిందకి, ఇంకా కిందకి.

బావ పెన్సిలు బల్ల మీద పెట్టాడు.

"వీళ్ళందరూ ఇక్కడే ఇరుక్కున్నారా?"

"ఇక్కడే బావా."

"ఇంతమందా?"

నేను పేజీని మళ్ళీ పైకి జరిపాను. ఆ తప్పు ఎలా దిద్దుకోవాలో పేజీ పైభాగంలోనే పచ్చని గుర్తుతో రాసి ఉంది. ఆయన దాన్ని చూడలేదు. మౌస్ నా చేతిలోంచి మెల్లగా తీసుకుని, నాకూ ఇదే అన్నవాళ్ళని ఒక్కొక్కరినీ చదువుకుంటూ కిందకి వెళ్తున్నాడు.